ల్యాప్‌టాప్ పంకా – రోగ నిదానం

జ్వరం స్వయంగా రోగం కాదనీ, దేహంలో ఎక్కడో పుట్టిన వికారానికి అది లక్షణం మాత్రమేననీ వైద్యశాస్త్రం చెబుతున్నది. యునానీ హకీము నబ్జ్ చూచినా, ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టినా మొదట వెదకేది జ్వరాన్ని కాదు, జ్వరకారణాన్ని. నేటి విద్యార్థి జీవితంలో పాఠ్యపుస్తకంతో సమానమైన స్థానం సంపాదించుకొన్న ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం మనం ఈ వివేకాన్ని పాటించడం లేదు. యంత్రం వేడెక్కి, లోపలి పంకా తుమ్మెదల తుట్టె వలె మ్రోగడం మొదలుపెట్టగానే "ఫ్యాన్ పోయింది" అని మనమే తీర్పు చెప్పి దుకాణానికి పరుగెత్తుతాం. అక్కడివారు మరొక అడుగు ముందుకు వేసి "మదర్‌బోర్డు పోయింది" అంటారు. నిజానికి ఇట్టి యంత్రాలలో చాలవాటికి పంకా పోదు. బోర్డు అంతకంటెను పోదు. ఏది చెడినదో, ఏది చెడలేదో యంత్రాన్ని విప్పకముందే చాలవరకు తెలిసికొనవచ్చును. ఆ తెలిసికొనే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు పంతులుకు పంకాల గొడవ ఎందుకని సైన్సు విభాగపు మిత్రులు నవ్వవచ్చు. నిదానమనే మాట మా శాఖదే కనుక ఆ మేరకు నాకు అధికారం ఉన్నదని మనవి.

మాట వచ్చినది కనుక మరొక మాట. ఉర్దూలో 'పంఖ్' అంటే రెక్క. దాని నుండి పంఖా. దీనికి మూలం సంస్కృతంలోని పక్ష శబ్దం. ఆంగ్లేయుల కాలపు కచేరీలలో దూలానికి వ్రేలాడదీసిన పెద్ద గుడ్డ పంకాను వెలుపల కూర్చున్న మనిషి త్రాటితో లాగుతూ ఉండేవాడు. లోపలి దొరకు చెమట పట్టినదా లేదా అన్నది ఆ మనిషికి కనబడేది కాదు. కేక వినబడితేనే అతడు వేగం పెంచేవాడు. ల్యాప్‌టాప్‌లోని పంకా పరిస్థితి కూడా సరిగ్గా ఇదే. ఎంత వేగంతో తిరగవలెనో అది తానుగా నిర్ణయించుకొనదు. యంత్రంలో ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్లు ఇచ్చే సమాచారాన్ని బట్టి అది పంకాకు ఆజ్ఞలిస్తుంది. కాబట్టి పంకా గట్టిగా తిరుగుతున్నదంటే లోపలి నుండి కేక వినబడినదని అర్థమే గాని, పంకా చెడినదని అర్థం కాదు. రోగం కేక వేసినవాని దగ్గర ఉండవచ్చును.

ఆ కేక వేసేది ప్రాసెసర్. సాధారణమైన ల్యాప్‌టాప్ ప్రాసెసర్ 15 వాట్ల శక్తిని, బలమైనది 45 వాట్ల శక్తిని వేడిగా మారుస్తూ ఉంటుంది. కొద్దిసేపటికి ఇంతకంటె ఎక్కువ కూడా తీసుకొంటుంది. అంకెలు చూడగా ఇవి చిన్నవే. అయితే రేడియో రిపేరు దుకాణంలో టంకం పెట్టే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొన ఎట్లు కాలుతుందో చూచినవారికి వీటి తీవ్రత బోధపడుతుంది. ఆ వేడి అంతా బొటనవ్రేలి గోరంత వైశాల్యం నుండి పుడుతున్నది. దానిని అక్కడి నుండి తీసికొనిపోవడానికి ఒక చదునైన రాగిగొట్టాన్ని అమర్చుతారు. దీనినే హీట్ పైప్ అంటారు. పైకి ఇది గట్టి రాగికడ్డీ వలె కనబడుతుంది గాని లోపల బోలుగా ఉంటుంది. గాలి తీసివేసిన ఆ బోలులో కొద్దిపాటి నీరు, గోడలకు అంటి దూది వత్తి వలె పనిచేసే రాగిపొర ఉంటాయి.

దీని పనితీరు మనకు క్రొత్త కాదు. వేసవిలో మన ఇండ్లలో కూజా నీటిని చల్లబరిచేది ఏమిటి? మట్టి రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తనతో తీసికొనిపోతుంది. కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడిక చేసే పని కూడా ఇదే. హీట్ పైపులో ప్రాసెసర్ వైపు కొనలో నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి రెండవ కొనకు పరుగెత్తి అక్కడ వేడిని వదలి మరల నీరవుతుంది. ఆ నీరు వత్తి గుండా తిరిగి మొదటి కొనకు పాకుతుంది. కూజా నీరు గాలిలో కలిసిపోతుంది, ఇది మాత్రం మూసిన గొట్టంలో రాకపోకలు సాగిస్తూనే ఉంటుంది. ఇట్టి సాధనానికి అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన గాగ్లర్ 1944లో పేటెంటు పొందినాడు. అప్పట్లో దానిని ఎవరూ పట్టించుకొనలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో గ్రోవర్ దానిని స్వతంత్రంగా రూపొందించి ఆ పేరు పెట్టిన తరువాత, ముందుగా ఉపగ్రహాలలోను, కాలక్రమాన మన బల్లమీది యంత్రాలలోను ప్రవేశించినది.

గొట్టం రెండవ కొన వద్ద దువ్వెన పండ్ల వలె దగ్గర దగ్గరగా పేర్చిన పలుచని లోహపు రేకులు ఉంటాయి. పంకా అడుగునుండి గాలిని పీల్చి ఈ రేకుల సందుల గుండా ప్రక్కకో వెనుకకో ఊదుతుంది. అంటే వేడి ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నాయి. ప్రాసెసర్‌కూ రాగికీ నడుమ పూసిన థర్మల్ పేస్టు మొదటిది. తరువాత గొట్టం, రేకులు, పంకా. వీటిలో ఏ ఒక్క చోట దారి మూసుకొన్నా వేడి వెనుకకు తన్నుతుంది. అయినను నింద మాత్రం చివరి మజిలీ అయిన పంకామీదనే పడుతుంది. శబ్దం చేసేది అదొక్కటే గదా!

ప్రాసెసర్ ఎంత వేడిని తట్టుకొంటుంది? నమూనాను బట్టి ఈ పరిమితి 95 నుండి 105 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉంటుంది. చాలవాటికి 100 డిగ్రీలు. ఆ హద్దు దగ్గర పడినప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. అప్పుడు మౌస్ కదలిక తడబడుతుంది, వీడియో పాఠం ఆగి ఆగి నడుస్తుంది. ఇది యంత్రం ముసలిదైనందువలననని మనం అనుకొంటాం. వేగం తగ్గించినా వేడి దిగకపోతే ఆత్మరక్షణ కోసం యంత్రం చటుక్కున ఆగిపోతుంది. భద్రపరచని వ్యాసమో, రికార్డో దానితోపాటు పోతుంది.

ఇక్కడ నంద్యాల వారికి, ఆళ్లగడ్డ వారికి ప్రత్యేకించి సంబంధించిన విషయం ఒకటి ఉన్నది. ల్యాప్‌టాప్‌లను తయారుచేసే సంస్థలు తమ యంత్రాలు పనిచేయవలసిన గది ఉష్ణోగ్రతకు సాధారణంగా 35 డిగ్రీలను పైహద్దుగా చెబుతాయి. ఇది యంత్రంతో వచ్చే చిన్న పుస్తకంలోనో, సంస్థవారి వివరణ పత్రంలోనో ఉంటుంది, చదివేవారు అరుదు. నల్లమల, ఎర్రమల కొండల నడుమ ఇమిడిన మన కుందూ లోయలో ఏప్రిల్, మే మాసాలలో బయటి ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. నాపరాళ్లు పరచిన మిద్దె క్రింద, ఎయిర్ కండిషనర్ లేని గదిలో సాయంకాలం నాలుగు గంటలకు 38, 40 డిగ్రీలు ఉండడం వింత కాదు. అనగా మన విద్యార్థి ఏడాదిలో రెండు మూడు మాసాలు తన యంత్రాన్ని తయారీదారు గీసిన గీతకు ఆవలనే వాడుకొంటున్నాడు.

ఇందులోని లెక్కను ఒకసారి వేసి చూడండి. పంకా ప్రాసెసర్‌ను గదికంటె చల్లగా చేయలేదు. గదిలోని గాలితోనే అది చల్లబరచవలెను. ఒక పనిలో ప్రాసెసర్ గదికంటె 45 డిగ్రీలు అధికంగా వేడెక్కుతుందని అనుకొందాం. గది 25 డిగ్రీల వద్ద ఉంటే ప్రాసెసర్ 70 వద్ద నిలుస్తుంది. గది 40 అయితే 85. ఇప్పుడు రేకులకు దుమ్ము పట్టి ఆ 45 కాస్తా 62 అయినదనుకొనండి. ఊటీలోని విద్యార్థికి 87 వద్ద పంకా కొంచెం గట్టిగా వినబడుతుంది, అంతే. నంద్యాల విద్యార్థికి 102, యంత్రం ఆగిపోతుంది. దుమ్ము ఒక్కటే, యంత్రం ఒక్కటే, ఊరు మాత్రమే వేరు. చల్లని ప్రదేశాలవారు వ్రాసిన సలహాలను మనం యథాతథంగా అనుసరించరాదనడానికి కారణం ఇదే. రెండు మూడేండ్లకు ఒకసారి శుభ్రపరచితే చాలునని వారంటారు. మనకు ఏటేటా, ఎండలు ముదరకముందే ఫిబ్రవరి చివరలోనో మార్చిలోనో ఆ పని జరిగిపోవలెను.

ఇక దుమ్ము సంగతి. అన్ని దుమ్ములూ ఒకటి కావు. నంద్యాల ప్రాంతం ప్రత్తికి పేరు పొందినది. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం రూపొందించిన నరసింహ ప్రత్తి రకాన్ని ఎరుగని రైతు ఉండడు. ప్రత్తి నూగు, దుప్పట్ల నుండి, జంపఖానాల నుండి లేచే పీచు యంత్రంలోకి వెళ్లినప్పుడు అవి రేకుల ముందు ఒకదానితో ఒకటి పెనవేసుకొని కంబళి ముక్క వలె పొరకడతాయి. వరి మిల్లుల దగ్గరి తవుడు దుమ్ము తేమకు అంటుకొని పిండి కట్టినట్లు పేరుకొంటుంది. బేతంచెర్ల వైపు నాపరాయి కోసే యంత్రాల దగ్గర లేచేది, నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పుల పనిపాకలలో లేచేది రాతిపొడి. ఇది సన్నని ఇసుకకాగితం వంటిది. రేకులను మూయడమే గాక పంకా ఇరుసులోకి చొరబడి దానిని అరగదీస్తుంది. మొదటి రెండింటికి తుడుపే మందు. మూడవదానికి తుడిచినా పంకా ఆయువు కొంత తరిగియే ఉంటుంది. ఈ భేదాన్ని గుర్తు పెట్టుకొంటే నిదానం సులభమవుతుంది.

మన జిల్లాల గ్రామీణ కుటుంబాలకు ల్యాప్‌టాప్ చేరి ఎంతో కాలం కాలేదు. 2008లో ట్రిపుల్ ఐటీలుగా పేరుపడిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణాలు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో వెలసి, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి బోధన సాగించినప్పుడు, అనేక పల్లెలలో మొట్టమొదటిసారిగా ఈ యంత్రం కనబడినది. తరువాత 2020లో కోవిడ్ కారణంగా తరగతి గదులు మూతపడినప్పుడు, చేతిలో డబ్బు లేనివారు కూడా అప్పు చేసి, పాతదో క్రొత్తదో ఒకటి కొన్నారు. అట్లు కొన్న యంత్రాలే నేడు వయసు మీరి, పేస్టు ఎండి, దుమ్ము పట్టి మన ముందుకు వస్తున్నాయి. వాటి వెనుక ఒక తండ్రి రెండు మూడు మాసాల కూలి ఉన్నది. కనుక "ఫ్యాన్ పోయింది", "బోర్డు పోయింది" అనే తీర్పులను తేలికగా ఒప్పుకొనరాదు.

ఒక ఉదాహరణ. ఆళ్లగడ్డ వైపు నుండి వచ్చే మా విద్యార్థి ఒకని యంత్రం వేసవి పరీక్షలకు ముందు పది నిమిషాలకంటె ఎక్కువ నడవడం మానివేసినది. ఒక దుకాణంలో చూపగా మదర్‌బోర్డు మార్చవలెననీ, తొమ్మిది వేలు అవుతుందనీ చెప్పినారు. తండ్రి రాతిపని చేసే మనిషి. ఇంటి ముందరి పాకలోనే పని. యంత్రాన్ని తూకానికి అమ్మి ప్రాజెక్టు పనిని మిత్రుని ఇంట్లో వ్రాసుకొంటానని ఆ కుర్రవాడు చెప్పినప్పుడు, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుడు దానిని స్టాఫ్ రూములో బల్లమీద పెట్టి చెవి ఆనించి విన్నాడు, గాలి వెలువడే చోట అరచేయి పెట్టి చూచినాడు. పంకా హోరు పెద్దదిగా ఉన్నది. గాలి మాత్రం పిల్లవాడు ఊదినంత కూడా లేదు. విప్పి చూడగా రేకుల ముందు అర అంగుళం మందాన బూడిదరంగు పొర కనబడినది. దానిని ఊడదీసి, పేస్టు మార్చి బిగించిన తరువాత యంత్రం ఆ వేసవి గడిపినది. ఖర్చు రెండు మూడు వందలు దాటలేదు.

ఆయన చేసిన పరీక్షలో చెవి, అరచేయి తప్ప వేరే సాధనం లేదని గమనించండి. ఎవరైనా చేయవచ్చును. యంత్రాన్ని గట్టి బల్లమీద పెట్టి పది నిమిషాలు ఏదైనా బరువైన పని ఇవ్వండి. పెద్ద వీడియో నడిపినా చాలును. గాలి వెలువడే ద్వారం వద్ద అరచేయి ఉంచండి. హోరు ఎక్కువగా ఉండి గాలి తక్కువగా ఉంటే రేకులు మూసుకొన్నాయి, పంకా నిర్దోషి. గాలి బలంగానే వస్తున్నది గాని చల్లగా ఉన్నది, యంత్రం మాత్రం లోపల కాగుతున్నది అంటే వేడి రేకుల వరకు చేరడం లేదన్నమాట. పేస్టు ఎండిపోయిందో, రాగి పలక మరలు సడలినవో, అరుదుగా హీట్ పైపు చిల్లిపడి అందులోని నీరు పోయినదో అయి ఉంటుంది. గాలి బలంగాను వేడిగాను వస్తే యంత్రానికి శరీరరోగం లేదు. దానిమీద పడిన పని ఎక్కువ, లేక గది వేడి ఎక్కువ. గాలి లేదు, శబ్దమూ లేదు, అడుగుభాగం కాలుతున్నది అంటే అప్పుడు మాత్రమే పంకాను అనుమానించవలెను. శబ్దం హోరు కాక గరగర అనో, టకటక అనో వినబడితే ఇరుసు అరిగినది. లేదా రెక్కలకు ఏదో అడ్డుపడుతున్నది. యంత్రాన్ని మెల్లగా ఒక ప్రక్కకు వంచి చూడండి. వంచినప్పుడు శబ్దం మారితే ఇరుసు దోషం దాదాపు ఖాయం. హార్డ్ డిస్క్ ఉన్న పాత యంత్రాన్ని మాత్రం నడుస్తుండగా కుదపరాదు.

పని ఎక్కువైనదని తోస్తే విప్పవలసిన అవసరమే లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. మీరు ఏమీ చేయకుండా కూర్చున్నా ప్రాసెసర్ సగానికి పైగా శ్రమిస్తూ ఉంటే ఎవరు దానిని పని చేయిస్తున్నారో అక్కడ పేరుతో సహా కనబడుతుంది. బ్రౌజర్‌లో మరచిపోయిన ఇరవై పేజీలు కావచ్చు, విండోస్ తనను తాను నవీకరించుకొంటూ ఉండవచ్చు, దొంగ సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చిన వైరస్ కావచ్చు. ఉష్ణోగ్రతను అంకెలలో చూపే హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి సాధనాలు ఉచితంగా లభిస్తాయి. ఊరకున్నప్పుడు 45 నుండి 60 వరకు, పనిలో 80, 85 వరకు ఉంటే మన వేసవిలో అది ఆరోగ్యమే. ఊరకున్నప్పుడే 80 చూపితే చికిత్స అవసరం.

పంకా తిరగడం లేదని అనుమానం ఉన్నప్పుడు యంత్రాన్నే ప్రశ్నించవచ్చును. పంకాకు సాధారణంగా నాలుగు తీగలు ఉంటాయి. రెండు తీగలు విద్యుత్తుకు. ఎక్కువ యంత్రాలలో ఇది 5 వోల్టులు. మూడవ తీగ గుండా వేగాన్ని గూర్చిన ఆజ్ఞ వెళుతుంది; నాలుగవదాని గుండా "ఇంత వేగంతో తిరుగుతున్నాను" అనే జవాబు తిరిగి వస్తుంది. ఆ జవాబు రానప్పుడు యంత్రం మొదలయ్యేటప్పుడే తెరమీద హెచ్చరిక చూపుతుంది. హెచ్‌పి యంత్రాలలో ఇది 90బి అనే సంకేతంతోను, లెనోవో థింక్‌ప్యాడ్‌లలో ఫ్యాన్ ఎర్రర్ అనే మాటలతోను కనబడుతుంది. డెల్ యంత్రాలలో ఆరంభంలో ఎఫ్12 మీట నొక్కి డయాగ్నస్టిక్స్ ఎన్నుకొంటే పంకాను తిప్పి పరీక్షిస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. పంకా చక్కగా తిరుగుతూనే ఉండి, జవాబు చెప్పే తీగ మాత్రమే తెగినా యంత్రం అదే హెచ్చరికను చూపుతుంది. కనుక హెచ్చరిక వచ్చినప్పుడు కూడా ఒకసారి చెవి ఆనించి వినడం మంచిది. కంట్రోలర్ చిప్పు దారి తప్పినందున పంకా ఆగిన సందర్భాలు కూడా ఉంటాయి. యంత్రాన్ని ఆపి, ఛార్జరు పీకి, బ్యాటరీ ఊడదీయ వీలున్న నమూనా అయితే దానిని కూడా తీసి, పవర్ మీటను అర నిమిషం నొక్కి పట్టుకొంటే ఆ చిప్పు తిరిగి మొదటినుండి లెక్క ప్రారంభిస్తుంది. ఖర్చులేని మందు కనుక ముందుగా దీనిని ప్రయోగించి చూడవలెను.

విప్పవలసి వచ్చినప్పుడు మొదటి పని బ్యాటరీ తీగను బోర్డునుండి వేరుచేయడం. ఇది చేయకుండా లోపల స్క్రూ డ్రైవర్ పెట్టడం వలననే నిజంగా బోర్డులు పోతున్నాయి. మరల పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొడవు మరను పొట్టి మర స్థానంలో బిగిస్తే అది పైభాగాన్ని చీల్చుకొని బయటికి వస్తుంది. తెల్ల కాగితంమీద యంత్రపు బొమ్మ గీచి ఏ మరను ఆ చోట గ్రుచ్చి ఉంచడం సులువైన ఉపాయం. పంకాకూ రేకులకూ నడుమనున్న పొరను మెత్తని కుంచెతో వెలుపలికి తీయండి. బయటి ద్వారం నుండి బ్లోయరు పెట్టి ఊదితే ఆ పొర పంకా వైపునకు నెట్టబడి రెక్కలలో చిక్కుకొంటుంది. మన దుకాణాలలో చాలచోట్ల జరిగేది ఇదే. బ్లోయరు వాడితే రెక్కలు తిరగకుండా పంటిపుల్లతో ఆపి పట్టుకొనవలెను. గాలి వేగానికి పంకా మితిమీరి తిరిగి ఇరుసు చెడుతుంది; అంతేగాక తిరిగే మోటారు తానే విద్యుత్తును పుట్టించి బోర్డులోకి పంపవచ్చును.

పేస్టు మార్చవలెనంటే రాగి పలకమీది మరలను వాటి ప్రక్కన ముద్రించిన అంకెల క్రమానికి విలోమంగా కొంచెం కొంచెంగా వదులుచేయాలి. బిగించేటప్పుడు అంకెల క్రమంలో. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నీరు, పరిమళం కలిసిన శానిటైజర్ ఇందుకు పనికిరాదు. క్రొత్త పేస్టు రెండు మూడు సోనా మసూరి గింజలంత చాలును. చిప్పు నిండా పలుచగా పరచుకొనవలెను. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనేది రొట్టెమీద నెయ్యి రాసే న్యాయం. ఇక్కడ అది చెల్లదు. పేస్టు పని రెండు తలాల నడుమ కంటికి కనబడని గుంటలను నింపడమే. రాగి, పేస్టుకంటె ఎన్నో రెట్లు బాగుగా వేడిని మోస్తుంది.

గరగరమనే పంకాలో నూనె వేయవచ్చునా? కుట్టుమిషను నూనె ఒక్క చుక్క ఇరుసులో పడితే కొన్ని వారాలు, ఒక్కొక్కసారి కొన్ని నెలలు శబ్దం అణుగుతుంది. పరీక్షలు గట్టెక్కడానికి ఇది చాలును. చికిత్స మాత్రం కాదు. కొబ్బరినూనె వేసేవారు ఉన్నారు. 24 డిగ్రీల దిగువన గడ్డకట్టే ఆ నూనె మన పుష్యమాసపు తెల్లవారుజామున ఇరుసును పట్టివేస్తుంది, వేసవిలో దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. ఇరుసు అరిగినప్పుడు పంకాను మార్చడమే మార్గం. ఇది ఎక్కువ నమూనాలకు కొన్ని వందల నుండి వేయి, పదిహేను వందల రూపాయలలోపు లభించే వస్తువు. కొనేటప్పుడు ల్యాప్‌టాప్ పేరు చెప్పి కొనరాదు. ఒకే పేరుతో వచ్చిన యంత్రాలలో కూడా పంకాలు మారుతాయి. రెండు పంకాలున్న వాటిలో కుడి, ఎడమలు వేరు. పాత పంకామీది కాగితంలో ఉన్న పార్టు సంఖ్య, వోల్టులు, తీగల సంఖ్య మూడూ సరిచూచుకొనవలెను.

విప్పినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనబడితే పంకా సంగతి ప్రక్కన పెట్టండి. దీర్ఘకాలపు వేడి బ్యాటరీని ఉబ్బించే కారణాలలో ఒకటి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గ్రుచ్చడం, ఛార్జి చేయడం నిప్పుతో చెలగాటం. దానిని తొలగించి వేరుగా ఉంచి, తెలిసినవారికి అప్పగించాలి.

రోజువారీ వాడుకలో చేయదగిన మేలు ఒకటే ముఖ్యమైనది. ల్యాప్‌టాప్ అనే పేరుకు 'ఒడి మీది యంత్రం' అని అర్థం. ఈ పేరే మనలను మోసగించినది. ఒడిలోనో, పరుపుమీదనో, జంపఖానామీదనో పెడితే అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకొంటాయి. మన ఇండ్లలో ఖురాన్ షరీఫ్‌ను ఉంచే రెహల్‌ను, హిందూ సోదరుల ఇండ్లలోని వ్యాసపీఠాన్ని చూడండి. ఏటవాలుగా ఉండి క్రింద గాలి ఆడుతూ ఉంటుంది. అవి పవిత్రమైనవి కనుక యంత్రానికి వాడమని చెప్పను. వడ్రంగితో రెండు కొయ్యబద్దలు కోయించి వెనుకవైపు ఎత్తుగా పెట్టుకొంటే అదే ఫలితం లభిస్తుంది. నీలి దీపాలు వెలిగే కూలింగ్ ప్యాడ్‌ల మీద నాకు అంతగా నమ్మకం లేదు. రేకులు మూసుకొన్న యంత్రానికి అవి చేసే మేలు స్వల్పం. తెరచి ఉన్న యంత్రానికి వాటి అవసరమే తక్కువ. ఎయిర్ కూలరు ఉన్నవారు గదిని చల్లబరచుకొనవచ్చును గాని, తుంపరలు పడే చోట యంత్రాన్ని ఎదురుగా పెట్టరాదు.

అన్ని యంత్రాలనూ ఇంట్లో విప్పవచ్చునని నేను అనడం లేదు. గ్యారంటీ గడువులో ఉన్నవాటిని తయారీదారు సేవాకేంద్రానికే ఇవ్వవలెను. కొన్ని పలుచని నమూనాలలో పంకాను చేరడానికి బోర్డునంతా పైకి తీయవలసి ఉంటుంది. అవి అనుభవజ్ఞుల పని. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ వంటి వాటిలో అసలు పంకాయే లేదు. దుకాణానికి వెళ్లవలసి వచ్చినా, "చెడినది, చూడండి" అనకుండా, "హోరు ఎక్కువ, గాలి తక్కువ, రేకులు శుభ్రం చేయండి" అనో, "వంచితే శబ్దం మారుతున్నది, ఇరుసు అరిగినట్లున్నది" అనో చెప్పండి. పనిచేసేవారు కూడా శ్రద్ధగా వింటారు. పంకా మార్చినామని అంటే పాత పంకాను అడిగి తెచ్చుకొని, దానిమీది పార్టు సంఖ్యను యంత్రం అడుగున కాగితంమీద వ్రాసి అంటించండి. రాబోయే మార్చిలో పనికివస్తుంది.